పెళ్ళి ఫోటోల్లో లేని తల్లి ఆస్ట్రేలియా ప్రయాణం

నేను చెబుతున్నాను, మా వీధి సుశీల టీచరు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. పలాసలో జీడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా పిక్కలు కొడుతున్నాను. ఆస్ట్రేలియా నుంచి దిగిన రోజు నుంచి ఫ్యాక్టరీ ఆడవాళ్ళు "అక్కడేటి తిన్నావు, ఏటి సూసినావు" అని నన్ను పని చేసుకోనివ్వడం లేదు. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. ఒకసారి రాయించి పెడితే చదువొచ్చినవాళ్ళు చదివి మిగతావాళ్ళకు వినిపించుకుంటారు.

మా హేమ నాకు ఒక్కతే కూతురు. చదువుకోవడానికి సిడ్నీ వెళ్ళి, అక్కడి సైన్యంలో పనిచేసే ప్రకాష్‌ను చేసుకుంది. ప్రకాష్ వాళ్ళ పూర్వీకులు మన శ్రీకాకుళం వైపు నుంచే చెరకు తోటల్లో కూలికని ఓడెక్కి ఫిజీ దీవులకు పోయినవాళ్ళు. తర్వాత అక్కడ గొడవలైతే వాళ్ళ నాన్న ఆస్ట్రేలియా చేరాడు. పెళ్ళి మాత్రం పలాసలోనే చేశాం, మూడేళ్ళయింది.

సైనికుణ్ణి కట్టుకుంటే ఆ దేశం వాళ్ళు పిలిచి పౌరసత్వం చేతిలో పెడతారని మేమంతా అనుకున్నాం. అలా ఏం లేదు. ముందు తాత్కాలిక వీసా ఇస్తారు. రెండేళ్ళకు, వీళ్ళు నిజంగా కాపురం చేస్తున్నారా అని మళ్ళీ చూసి పర్మినెంటు వీసా ఇస్తారు. అది వచ్చాక ఒక ఏడాది, మొత్తం లెక్కన నాలుగేళ్ళు ఆ దేశంలో ఉంటే అప్పుడు పౌరసత్వానికి అర్జీ, ఆ పైన పరీక్ష. మా హేమ మధ్యమెట్టు మీద ఆగి ఉంది. తనేమో సిడ్నీలో ఆస్పత్రి ల్యాబులో పని, అల్లుడేమో రెండు వేల కిలోమీటర్ల అవతల టౌన్స్‌విల్ అనే ఊళ్ళో, సైన్యం ఉండే చోట. అక్కడి ఆస్పత్రిలో హేమకు తగిన ఉద్యోగం ఉంది కానీ పర్మినెంటు వీసా ఉంటేనే ఇస్తారట. వీసా వస్తే మొగుడూ పెళ్ళాం ఒక ఇంట్లో ఉంటారు. రాకపోతే ఇలాగే చెరో చోటా.

నేను వెళ్ళింది కూతుర్ని చూసుకోవడానికి. వెళ్ళాక తెలిసింది, ఆ వీసాకు అడ్డం పడింది నేనేనని.

విమానం దిగిన చోట

నా వీసాకే ఒక కథ ఉంది. వేలిముద్రలు తీసే యంత్రం నా వేళ్ళను ఒప్పుకోలేదు. పిక్కల్లోంచి కారే జీడి నూనె కాల్చి కాల్చి వేళ్ళ మీద గీతలు ఎప్పుడో పోయాయి. నాలుగుసార్లు తుడిచి, నొక్కి, ఆఖరికి ఎంత పడితే అంతే తీసుకున్నారు. "ఇందులో గీతలు వెతికేకన్నా నా మొకం సూసుకోండి బాబూ" అన్నాను, వాళ్ళూ నవ్వారు.

సిడ్నీలో దిగాక సామాను చూసే చోట ఒక కుక్క వచ్చి నా సంచి పక్కన బుద్ధిగా కూర్చుంది. తినేవి ఉన్నాయని కాగితంలో ముందే రాయించాను కాబట్టి భయపడలేదు. జీడిపప్పు నాలుగు కిలోలు చూసి ఆ అధికారి ఒకటి ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు, పొమ్మన్నాడు. కరివేపాకు, పళ్ళు తోముకోవడానికి తెచ్చుకున్న వేపపుల్లల కట్ట మాత్రం తీసి డబ్బాలో పడేశాడు. సారీ కూడా చెప్పాడు. మా ఊరి చెక్‌పోస్టులో ఎవరైనా ఏదైనా లాక్కుని సారీ చెప్పగా నేను చూడలేదు.

మనకు ఆషాఢం వానలు, వాళ్ళకు చలికాలం. బయట హేమ కోటు పట్టుకుని నిలబడి ఉంది. చిక్కిపోయింది. "ఏటే ఇలా ఐపోయావు, తిండి తిన్నావా లేదా" అంటే "డైట్ అమ్మా" అంది. డైటు కాదని నాకు తెలుసు, కానీ ఆ పూటకు ఊరుకున్నాను.

టూంగాబీ

హేమ ఉండేది సిడ్నీ శివారు టూంగాబీలో, అత్తగారింట్లో. వియ్యపురాలి పేరు సరోజ. టూంగాబీ వీధుల్లో నడుస్తుంటే ఇంటికొక తులసికోట, ఇంటికొక కారు. నా ఎదురుగా వచ్చిన పదిమందిలో ఆరుగురు మనవాళ్ళే.

సరోజ వదినకు తెలుగు పది మాటలు వస్తాయి. మిగతాది ఇంగ్లీషు, ఫిజీ హిందీ. కానీ ఆ పది మాటలూ మా ఇంటి మాటలే. గుమ్మంలో నన్ను చూసి "రా వదినా, కూకో. కూడు తిను" అంది. సిడ్నీలో పుట్టిన మనవాళ్ళ పిల్లలకు కూడా ఆ మాటలు రావు. ఎవరు నేర్పారంటే నాయనమ్మ అని వేలు పైకి చూపించింది.

చేమాకు కొబ్బరిపాలలో ఉడికించిన కూర పెట్టింది, కర్రపెండలం దుంప పెట్టింది, డబ్బా చేప పులుసు పెట్టింది. చేమాకును మేమూ తింటాం కానీ కొబ్బరిపాలు పొయ్యం. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఒకటి మాత్రం మొదటి రోజు నుంచీ నా కళ్ళు అక్కడే పోయేవి. నాలాగే సరోజ వదినకూ భర్త లేడు, పోయి ఎనిమిదేళ్ళు. అయినా నుదుట ఎర్రబొట్టు, జడలో పువ్వు, చేతికి రెండేసి గాజులు. పెళ్ళికి పలాస వచ్చినప్పుడు కూడా అలాగే వచ్చి, పీటల పక్కనే నిలబడి, అందరికంటే ముందు అక్షింతలు వేసింది. మావాళ్ళు గుసగుసలాడారు. పరాయి దేశం మనుషులు, తెలియదులే అని నేనే సర్ది చెప్పాను.

పారమట్టాలో ఒక ప్రశ్న

మూడో రోజు హేమ నన్ను రైలెక్కించి పారమట్టా తీసుకెళ్ళింది. అక్కడ అన్నీ ఆఫీసులే, అందరూ మెడలో కార్డులు వేసుకుని కాఫీ కప్పులతో పరుగెడుతుంటారు. ఆ కాఫీ ఒకటి ఆరు డాలర్లు. పలాస స్టేషను బయట ఆ డబ్బుకు మా వీధి మొత్తానికి టీ పోయించొచ్చు.

మా తరఫున వీసా కాగితాలు చూసే ఏజెంటు పేరు రీమా. లెబనాన్ దేశపు మనిషి, ముప్పై ఏళ్ళ క్రితం తనూ భర్త వెంట ఇలాగే వచ్చిందట. గట్టిగా మాట్లాడుతుంది, గట్టిగా నవ్వుతుంది. నాకు నచ్చింది. హేమ నాకు తెలుగు చేసి చెబుతోంది.

వీసా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండు ప్రశ్నలు. ఒకటి, మీరిద్దరూ ఎందుకు విడిగా ఉంటున్నారు. దానికి సైన్యం వాళ్ళ కాగితం ఉంది, విమానం టిక్కెట్లు ఉన్నాయి, రీమా దిగులు పడలేదు. రెండోది, మీ పెళ్ళిని రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయా. ఇరవై ఎనిమిది రోజుల్లో జవాబివ్వాలి, అందులో పది అయిపోయాయి.

రీమా పెళ్ళి ఫోటోలన్నీ బల్ల మీద పరిచింది. నూటపాతిక ఉన్నాయేమో. పెళ్ళికొడుకు తల్లి ప్రతి ఫోటోలోనూ ఉంది. మా అన్నా వదినా కన్యాదానం చేస్తున్నారు. రీమా నా వైపు తిరిగి ఏదో అడిగింది. హేమ ఆ మాట వెంటనే తెలుగు చెయ్యలేదు. కిటికీ వైపు చూసింది.

"ఏటంటంది?" అన్నాను.

"నువ్వు ఏ ఫోటోలో ఉన్నావని అడుగుతోందమ్మా."

నేను ఫోటోలు ఒక్కొక్కటీ తిరగేశాను, వెతుకుతున్నట్టు. లేనని నాకు తెలుసు. "జనం ఎక్కువైపోనారు, అందులో ఏ మూలో ఉంటాను" అన్నాను. హేమ ఆ మాట ఇంగ్లీషు చేసింది కానీ నన్ను చూడలేదు. రీమా ఈసారి నవ్వలేదు.

హారిస్ పార్క్

తిరిగి వచ్చేటప్పుడు హేమ నన్ను మనవాళ్ళ కొట్లుండే హారిస్ పార్కు అనే పేటలో దించి, పనికి వెళ్ళిపోయింది. సరోజ వదిన అక్కడికి వచ్చి కలిసింది. ఆ వీధిలోకి అడుగు పెడితే నెయ్యి వాసన, అగరొత్తుల వాసన. దోశ పదిహేడు డాలర్లు. దోశ పొడుగు చూసి "ఇది ఇద్దరికేనా" అని వడ్డించే పిల్లను అడిగాను. నల్గొండ పిల్లట, చదువుకుంటూ పని చేస్తోంది.

"ఒక్కరికే ఆంటీ. తినుండ్రి, తక్కువైతే చట్నీ ఎంతైనా పోస్త" అంది. నిజంగానే మూడుసార్లు పోసింది.

పక్క కొట్లో జీడిపప్పు పొట్లాలు ఉన్నాయి. ఒకటి చేత్తో నొక్కి చూశాను. పైన మంచి గుండు పప్పు, అడుగున బద్దలు, ముక్కలు. ఏరేవాళ్ళు నిద్రపోతూ ఏరారు. కొట్టు యజమానికి చెబితే "మీకెలా తెలుసు ఆంటీ" అన్నాడు. చేతులు చూపించాను. నల్లగా ఉన్న వేళ్ళు చూసి, "పలాసా?" అన్నాడు. వాళ్ళ అమ్మమ్మది మా పలాస పక్కనున్న కాశీబుగ్గట! కరివేపాకు రెమ్మలు ఊరికే ఇచ్చాడు.

అక్కడే, మిఠాయి తింటూ, సరోజ వదినకు వచ్చింది ఆ ఆలోచన. సగం చేతులతో, సగం మాటలతో చెప్పింది. ఎల్లుండి టౌన్స్‌విల్ వెళ్తున్నాం కదా. పెళ్ళి చీర తీసుకెళ్దాం. ప్రకాష్‌కు పంచె కడదాం. నువ్వు మధ్యలో నిలబడు. ఫోటో. పని అయిపోతుంది.

"అవునేటి!" అన్నాను. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, రెండో పూతరేకు కూడా తీసుకున్నాను.

టౌన్స్‌విల్

టౌన్స్‌విల్‌లో చలి లేదు. మన కార్తీకమాసం పగటిలా ఉంది. ప్రకాష్ స్టేషనుకొచ్చినట్టు విమానాశ్రయానికి వచ్చి, అందరి ముందూ వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. యూనిఫాంలో ఉన్న మనిషి అలా వంగితే ఇద్దరు తెల్లవాళ్ళు నేనేమైనా పారేసుకున్నానేమోనని నేలంతా వెతికారు.

ఆదివారం సైన్యం కుటుంబాలకు భోజనాలు పెట్టారు. మగవాళ్ళు వంట చేస్తున్నారు, ఆడవాళ్ళు కూర్చున్నారు. ఇనప పెనాల మీద మాంసం కాలుస్తూ, చేతిలో పటకారుతో, ఎంత బాధ్యతగా నిలబడ్డారో. మా ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు ఇది ముందు చెప్పాలనుకున్నాను.

అక్కడ జోసీ అనే ఫిలిప్పీన్స్ పిల్ల పరిచయమైంది. ఆ పిల్లదీ అదే కథ. తను పెళ్ళి కాకముందే, ఇక్కడికొచ్చి పెళ్ళి చేసుకుంటానని వీసా తెచ్చుకుని వచ్చి, తర్వాత కాపురం వీసాకు మారింది. ఇప్పుడు పర్మినెంటు. భర్తకు వేరే దేశంలో పని పడితే వెంట వెళ్ళి వచ్చింది. పౌరసత్వానికి ఆ బయట ఉన్న రోజులు పోతాయేమోనని ఏడ్చిందట. పౌరుడి భార్య కాబట్టి వాటిని కూడా కలపమని అడగొచ్చట. ఇస్తారో లేదో వాళ్ళ ఇష్టం. ఈమెకు ఇచ్చారు.

"సైన్యంలో చేరిన మనిషికైతే దారి తొందర. మనం సైన్యంలో చేరలేదు కదా, సైనికుడి బట్టలు ఉతుకుతున్నాం" అంది జోసీ. హేమ తెలుగు చేస్తుంటే అందరికంటే ఆలస్యంగా నేను నవ్వాను, ఎక్కువసేపు నవ్వాను.

సాయంత్రం సముద్రం ఒడ్డున గడ్డి మీద మా హేమ పెళ్ళి మళ్ళీ జరిగింది. హేమ వద్దంటూనే పెళ్ళి చీర కట్టుకుంది. ప్రకాష్‌కు పంచె కట్టడం సరోజ వదినకు రాదు, నాకు సిగ్గు. ఆఖరికి బెల్టు పెట్టాం. జోసీ ఫోటోలు తీసింది. కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన ఆగి చప్పట్లు కొట్టి, "కంగ్రాచులేషన్స్" అని నాకు చెయ్యిచ్చాడు. నేను వాళ్ళిద్దరి మధ్య నిలబడి, జీవితంలో మొదటిసారి పెళ్ళికూతురి తల్లిలా నవ్వాను.

హేమ మాత్రం నవ్వలేదు.

మళ్ళీ పారమట్టా

ఫోటోలు రీమా ముందు గర్వంగా పెట్టాం. ఆవిడ ఒకటి చూసింది, రెండోది చూసింది.

"ఇది ఎప్పుడు తీశారు?"

సరోజ వదిన "సండే" అంది.

రీమా కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. దీన్ని పెళ్ళి ఫోటో అని పంపితే ఉన్న నిజం కూడా అబద్ధమైపోతుంది. అబద్ధపు కాగితం పెట్టారని తేలితే ఈ వీసా పోవడమే కాదు, కొన్నాళ్ళు మళ్ళీ అడగనివ్వరు కూడా. పెళ్ళి రోజు ఈ తల్లి ఎక్కడ ఉందో అది చెప్పమను. అది చాలు.

సరోజ వదిన ముఖం చిన్నబోయింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.

తల్లి మాటను కూతురు ఇంగ్లీషు చెయ్యకూడదట, పరీక్ష పాసైన మనిషే చెయ్యాలి. విజయ అని గుంటూరు వైపు ఆవిడ వచ్చింది. హేమను, వదినను బయట కూర్చోబెట్టారు. విజయ కాగితం తీసి, "మీరు చెప్పండమ్మా, చెప్పింది చెప్పినట్టే రాస్తాను. పెళ్ళి రోజు ఎక్కడున్నారు?" అంది.

"వంటశాలలో ఉన్నానమ్మా."

"ఎవరైనా ఉండమన్నారా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉందని నాకే తెలియదు.

"ఎవులూ అనలేదు. మా అన్న రమ్మనే అన్నాడు. నానే ఎల్లలేదు. మా ఆయన లారీ బోల్తాపడి పోనప్పుడు మా గుంటకి, హేమకి, ఏడేళ్ళు. అప్పుట్నుంచీ ఏ శుభకార్యంలోనూ ముందుకెల్లలేదు. నా కూతురు పెళ్ళిలో నా సెయ్యి తగిలి ఏటైనా ఐతే నానేటి సెయ్యాల? అందుకని వంటశాల తడికెలోంచి సూసినాను. తాళి కట్టింది సూసినాను. అక్షింతలు మాత్రం నా కొంగున కట్టీసుకున్నాను, ఎయ్యలేదు. అల్లుడంటే నాకు పేనం. ఇది రాయండి. అల్లుడంటే పేనమని రాయండి."

విజయ రాస్తూ రాస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇంగ్లీషులో రాసింది మళ్ళీ తెలుగులో చదివి వినిపించింది. నా మాటలు ఇంకొకరి నోట వింటే, ఇంత చిన్న విషయానికా మూడేళ్ళు నోరు మూసుకున్నాను అనిపించింది. సాక్షి ముందు సంతకం పెట్టాను. ప్రతి అక్షరం విడివిడిగా, పెద్దగా పెట్టాను.

బయట బల్ల మీద హేమ ఆ ఇంగ్లీషు కాగితం చదివింది. ఒక చోట ఆగి మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"నీకు ఈ పెళ్ళి ఇష్టం లేదనుకున్నానమ్మా" అంది. "ఫిజీవాడని, మిలిటరీవాడని ఇష్టం లేక నువ్వు ముఖం చాటేశావనుకున్నాను. అందుకే లెటర్ వచ్చిందని ఫోన్లో చెప్పలేదు. ఆఫీసర్ అడిగింది నిజమేనేమో అనుకున్నాను."

"ఓలమ్మో. మూడేళ్ళు అలాగ అనుకున్నావేటే?"

"నువ్వు చెప్పావా?"

"నువ్వడిగినావా?"

ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. పారమట్టా ఆఫీసువాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని మా చుట్టూ తిరిగి వెళ్ళారు. సరోజ వదినకు మాటలు అర్థం కాలేదు కానీ సంగతి అర్థమైంది. సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. నేను తల వెనక్కి తీశాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని, బిడ్డకు పెట్టినట్టు పెట్టేసింది. "అయిపోయింది. పద, కూడు తిందాం" అంది.

అద్దం తలుపులో చూసుకున్నాను. వంకరగా పెట్టింది. తుడుచుకోలేదు.

పలాస

నేను తిరిగొచ్చిన రెండు నెలలకు, మధ్యాహ్నం అన్నం వేళ, హేమ ఫోను చేసింది. పర్మినెంటు వీసా వచ్చిందని అరిచింది. పక్కన సరోజ వదిన అరుపు ఇంకా పెద్దది. పౌరసత్వానికి ఇంకో ఏడాది ఆగాలి, పరీక్ష రాయాలి. పరీక్షకు ఇప్పుడే చదువుతున్నానంటోంది, చిన్నప్పుడు చదవమంటే ఇంత చదవలేదు.

ఉద్యోగం కూడా వచ్చాక, మొన్న శుక్రవారం టౌన్స్‌విల్‌లో ఇద్దరూ ఒక ఇంట్లో అడుగు పెట్టారు. ప్రకాష్ ఫోను పట్టుకుని నాకు ఇల్లంతా తిప్పి చూపించాడు. హేమ స్టవ్ మీద పాలగిన్నె పెట్టి నిలబడింది.

"ఎలిగించీయే, సూస్తావేటి?" అన్నాను.

"నువ్వు ముందు అక్షింతలు వెయ్యి. వేస్తేనే వెలిగిస్తాను."

"ఫోన్లోనేటి?"

"ఫోన్లోనే. ఎంతసేపైనా సరే ఇలాగే నిలబడతాను" అంది. ఆ మొండితనం వాళ్ళ నాన్నది. ప్రకాష్ వెనక నుంచి "ప్లీజ్ అత్తమ్మా, ఆకలి" అన్నాడు.

లేచి వెళ్ళి బియ్యంలో పసుపు, చుక్క నెయ్యి కలిపి తెచ్చాను. మా ఇంట్లో మా వీధి ఆడవాళ్ళు నలుగురు ఉన్నారు, చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. గుప్పెడు తీసి ఫోను మీద వేశాను. అద్దానికి తగిలి కొన్ని ఒళ్ళో పడ్డాయి, కొన్ని నేల మీద చెల్లాచెదురయ్యాయి. అక్కడ పాలు పొంగాయి, పొగ వస్తే కూసే గంట ఒకటి కూసింది, ప్రకాష్ తువ్వాలు పట్టుకుని దాని కింద గెంతుతున్నాడు, హేమ నవ్వుతోంది.

ఆ గింజలు ఇంకా మా గదిలో అక్కడక్కడా ఉన్నాయి. ఇల్లు రోజూ ఊడుస్తాను కానీ వాటి పక్క నుంచి చీపురు తిప్పేస్తున్నాను.